ఈశాన్‌కు బొమ్మలు రాకపోతే?
(‘తారే జమీన్ పర్’ చిత్రంపై ఒక విమర్శ)

శాస్త్ర విషయాన్ని సామాన్య ప్రజలకు అందించటంలో వంద వ్యాసాలు చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు ఒక చలనచిత్రం చేయగలదు. 2007 డిసెంబరులో విడుదలైన ‘తారే జమీన్ పర్’ అనే హిందీ చిత్రం అటువంటిది. ఆమీర్ ఖాన్ దర్శకత్వం వహించిన మొదటి చిత్రమిది. దీని రచయిత అమోల్ గుప్తే. ‘డిస్లెక్సియా’ అనే మాట అంతకు ముందు వైద్యుల నోటనో, మనస్తత్వ శాస్త్ర గ్రంథాలలోనో తప్ప మన దేశంలో అంతగా వినిపించేది కాదు. ఈ చిత్రం పుణ్యమా అని అది తల్లిదండ్రుల నోట, ఉపాధ్యాయుల నోట కూడా వినవచ్చింది. ఆ మేలు చిన్నది కాదు.

అయితే ఒక చిత్రం ప్రజల మనస్సులలో నాటిన అభిప్రాయాలన్నీ శాస్త్రసమ్మతమైనవే అయి ఉండనక్కరలేదు. చదువులో ప్రత్యేకమైన చిక్కులు గల పిల్లల పట్ల పాఠశాలలోని పెద్దలు ఏ వైఖరి వహించాలి? ఉపాధ్యాయుల మాట అట్లా ఉంచి, పిల్లల బాగోగులు చూడటానికే నియమితులయ్యే కౌన్సిలర్లు ఏ దృష్టితో వారిని చూడాలి? ఈ ప్రశ్నలకు చిత్రం ఇచ్చే జవాబు ఎంతవరకు సరియైనదో పరిశీలించవలసి ఉన్నది. చూచినవారి కంట తడి పెట్టించిన చిత్రం గనుకనే ఈ పరిశీలన మరింత అవసరం. కన్నీటితో పాటు మనస్సులోకి దిగిన అభిప్రాయం అంత తొందరగా మారదు.

కథా సంగ్రహం

ఈశాన్ అవస్థి ముంబయి బాలుడు. మూడవ తరగతి రెండవసారి చదువుతున్నాడు. అక్షరాలు వానికి చిక్కవు. పుస్తకం తీసి చదవమంటే, అక్షరాలు నాట్యమాడుతున్నవంటాడు. ఉపాధ్యాయులు అది తుంటరితనమనుకుంటారు, తండ్రి బద్ధకమనుకుంటాడు. క్రమశిక్షణ అలవడుతుందని వానిని దూరాన ఒక వసతి పాఠశాలలో చేరుస్తారు. అక్కడ వాడు బొమ్మలు వేయటం మానుతాడు. మాటలు కూడా తగ్గిపోతాయి. అప్పుడు రామ్ శంకర్ నికుంభ్ అనే చిత్రలేఖనోపాధ్యాయుడు తాత్కాలికంగా ఆ బడికి వస్తాడు. పిల్లవాని చిక్కు ఏమిటో గుర్తిస్తాడు. ప్రధానోపాధ్యాయుని ఒప్పించి వారానికి కొన్ని గంటలు ప్రత్యేకంగా బోధిస్తాడు. పిల్లవాడు చదవటం నేర్చుకుంటాడు. చివరకు చిత్రలేఖన పోటీలో మొదటి బహుమతి పొందుతాడు.

చిత్రం సాధించినది

ఈ చిత్రంలో శాస్త్రీయ దృష్టికి ఎంతో విలువైన ఘట్టాలు ఉన్నవి. నికుంభ్ పిల్లవానిని చూచి జాలిపడి ఊరుకోడు. వాని పుస్తకాలు తెప్పించి చూస్తాడు. ఎన్ని తప్పులు ఉన్నవన్నది కాదు, తప్పులలో ఒక వరుస ఉన్నదా అని పరిశీలిస్తాడు. ఒకే మాటను పిల్లవాడు పలుచోట్ల పలు విధాలుగా వ్రాయటం, అక్షరాలు తారుమారు కావటం, రూపంలో దగ్గరగా ఉన్న మాటలు ఒకదానికొకటి మారిపోవటం గమనిస్తాడు. సాక్ష్యం చేతికి వచ్చిన తరువాతనే తల్లిదండ్రుల ఇంటికి వెళతాడు. ప్రయోగశాలలో పనిచేసేవారు ఈ పద్ధతిని గుర్తుపట్టకపోరు. పరిశీలన ముందు, ఊహ తరువాత, నిర్ణయం ఆ పిమ్మట.

తండ్రికి విషయం తెలియజెప్పిన తీరు కూడా గొప్పది. ఆయనకు తెలియని పరాయి లిపి అచ్చయిన ఒక పెట్టెను చేతికిచ్చి చదవమంటాడు. చదవలేనని తండ్రి అంటే, మనస్సు పెట్టి చదవమని, ఇది పొగరు తప్ప మరొకటి కాదని గద్దిస్తాడు. ఒక్క నిమిషంలో తండ్రి కొడుకు స్థానంలో నిలబడవలసి వస్తుంది. ఉపన్యాసం చేయలేని పని ఆ పెట్టె చేసినది.

గణిత పరీక్ష ఘట్టం మరొకటి. మూడును తొమ్మిదితో హెచ్చించమంటే ఈశాన్ మనస్సు గ్రహమండలంలోకి వెళ్లిపోతుంది. మూడవ గ్రహమైన భూమి తొమ్మిదవదైన ప్లూటోను ఢీకొంటుంది, ప్లూటో నశిస్తుంది, మిగిలినది మూడు గనుక జవాబు మూడే. (చిత్రం విడుదలకు ముందు సంవత్సరమే, 2006లో, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను గ్రహాల వరుస నుంచి తొలగించినది. అది వేరే మాట.) సున్న వేసి ఊరుకునే ఉపాధ్యాయునికి ఆ తప్పు వెనుక జరిగిన ఆలోచన కనబడదు. జవాబు తప్పయినంత మాత్రాన ఆలోచన లేదని కాదన్న పాఠం ప్రతి ఉపాధ్యాయుడూ గుర్తుంచుకోదగినది.

అక్షరాలు నిజంగా నాట్యమాడుతాయా?

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ప్రేక్షకుని మనస్సులో అన్నిటికంటె గాఢంగా నిలిచేది తెరమీద కదలాడే అక్షరాల దృశ్యం. తల్లిదండ్రులకు చేసిన వివరణలో అక్షరానికీ ధ్వనికీ గల సంబంధం కొంత ప్రస్తావనకు వచ్చినా, బొమ్మ ముందు మాట నిలువలేదు. డిస్లెక్సియా అంటే కంటికి అక్షరాలు తలక్రిందులుగా కనబడటమే అన్న నమ్మకం దానితో బలపడినది.

ఈ నమ్మకం చాలా పాతది. 1896 నవంబరులో ఇంగ్లండులోని సీఫర్డ్ అనే ఊరి వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, పర్సీ అనే 14 ఏండ్ల బాలుని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశాడు. తెలివిగల పిల్లవాడే, చూపులో లోపం లేదు, అయినా చదవలేడు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి ‘ప్రెసీ’ అని వ్రాసేవాడు. మోర్గన్ దానికి ‘పుట్టుకతో వచ్చిన పదాంధత్వం’ అని పేరు పెట్టాడు. అంధత్వమన్న మాటలోనే కన్ను ఉన్నది. 1925లో అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ ఈ పిల్లలకు అక్షరాల ప్రతిబింబాలు తారుమారు అవుతున్నవని ప్రతిపాదించటంతో ఆ భావన మరింత స్థిరపడినది.

తరువాతి పరిశోధనలు వేరొక దారి చూపినవి. 1970-80 మధ్య అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ వెల్లుటినో, ఆయన సహచరులు ఒక చక్కని పరీక్ష జరిపారు. హీబ్రూ భాష తెలియని పిల్లలకు హీబ్రూ అక్షరాలు చూపించి, వాటిని జ్ఞాపకం నుంచి వ్రాయమన్నారు. చదవటంలో వెనుకబడిన పిల్లలు కూడా తక్కినవారితో సమానంగా వ్రాశారు. కన్నే తప్పు చేస్తున్నట్లయితే హీబ్రూ దగ్గర కూడా చేయాలి కదా! చిక్కు రూపాన్ని చూడటంలో లేదు; రూపానికి పేరునూ ధ్వనినీ ముడిపెట్టటంలో ఉన్నదని ఈ పరీక్ష సూచించినది. మాట్లాడటం పిల్లవానికి సహజంగా వస్తుంది. చదవటం అట్లా కాదు. ప్రవాహంలా వినవచ్చే మాటను చిన్న చిన్న ధ్వనులుగా విడదీసి, ఒక్కొక్క ధ్వనిని ఒక్కొక్క గుర్తుతో కలపాలి. డిస్లెక్సియా గల పిల్లలలో అత్యధికులకు ఈ విడదీయటం, కలపటం దగ్గరనే కష్టం. ‘బి’, ‘డి’ అనే ఇంగ్లీషు అక్షరాలను తారుమారు చేయటం, చదువు మొదలుపెట్టిన చిన్నపిల్లలందరిలోనూ కనబడేదే.

ఈ భేదం పండితుల తగవు మాత్రమే కాదు. అక్షరాలు నాట్యమాడుతున్నవని నమ్మిన కౌన్సిలరు తల్లిదండ్రులను రంగు కళ్లద్దాల కోసమో, కంటి కసరత్తుల కోసమో పంపుతాడు. డబ్బు పోతుంది, అంతకంటె విలువైన రెండు మూడు సంవత్సరాల కాలం పోతుంది. ఇటువంటి కంటి చికిత్సలకు తగిన ఆధారాలు లేవని 2009లో అమెరికాలోని బాలవైద్యుల, నేత్రవైద్యుల సంఘాలు ఉమ్మడిగా ప్రకటించినవి. చూపులో మామూలు దోషమేదైనా ఉన్నదేమో పరీక్ష చేయించటం మంచిదే. కాని అసలు మందు బోధనలోనే ఉన్నది. ధ్వనికీ అక్షరానికీ గల సంబంధాన్ని క్రమంగా, విడివిడిగా, మళ్లీ మళ్లీ నేర్పాలి. నికుంభ్ ఇసుకలో, మట్టితో అక్షరాలు చేయించి నేర్పటం కనులకు ఇంపుగా ఉంటుంది. అయితే మేలు చేసేది ఇసుక కాదు, ఆ క్రమమూ ఓర్పూ.

తెలుగు బడిలో

ఈశాన్ కష్టం ముఖ్యంగా ఇంగ్లీషు లిపితో. ఆ భాషలో ఒకే అక్షరం పలు విధాల పలుకుతుంది. ఒకే ధ్వనిని పలు విధాల వ్రాస్తారు. తెలుగులో వ్రాసినట్లే చదువుతాము గనుక ఈ బాధ తెలుగు బడులలో ఉండదని కొందరు భావిస్తారు. ఇది సరికాదు.

మన లిపిలోని చిక్కు వేరే చోట ఉన్నది. అచ్చులు, హల్లులు తెలిస్తే చాలదు. గుణింతాలు, ఒత్తులు కలిపితే నేర్వవలసిన రూపాలు వందల సంఖ్యకు చేరుతాయి. తలకట్టుకూ దీర్ఘానికీ గల చిన్న తేడాతో కలం కాలమవుతుంది. ‘ద’, ‘ధ’ల మధ్య ఒక చిన్న గీతయే భేదం. మన లిపికి సోదరి అయిన కన్నడ లిపిని నేర్చుకునే పిల్లలను పరిశీలించి సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ గమనింపదగినది. ఇంగ్లీషు అక్షరాల వలె ఒకటి రెండు సంవత్సరాలలో ఈ అక్షరాలు పూర్తికావు. ప్రాథమిక తరగతులన్నిటిలోనూ పిల్లలు వాటిని నేర్చుకుంటూనే ఉంటారు. అందువల్ల నాలుగవ తరగతిలో ఒత్తులు తప్పే ప్రతి పిల్లవానికీ వైకల్యం అంటగట్టరాదు. తోటివారందరూ దాటిపోయిన తరువాత కూడా, తగిన బోధన జరిగిన తరువాత కూడా అక్కడనే నిలిచిపోయిన వానిని మాత్రం తప్పక గమనించాలి.

లిపి క్రమబద్ధంగా ఉన్న భాషలలో మరొక విశేషం ఉన్నది. అక్కడ డిస్లెక్సియా తప్పుల రూపంలో కంటె నిదానం రూపంలో ఎక్కువగా బయటపడుతుంది. పిల్లవాడు కూడబలుక్కొని సరిగానే చదువుతాడు. కాని తోటివారు పేజీ ముగించేటప్పటికి రెండు వాక్యాలు దాటడు. పరీక్షలో వ్రాసిన రెండు జవాబులూ ఒప్పే. మూడవదానికి కాలం చాలలేదు. ఇట్టివానిని మన బడులలో ‘మొద్దు’ అని కూడా అనరు, ‘బద్ధకస్తుడు’ అంటారు. ఉపాధ్యాయులు కౌన్సిలరు దృష్టికి తీసుకురావలసిన మొదటి గుర్తు ఇదే.

మహనీయుల జాబితా

చిత్రంలో అందరినీ ఉత్సాహపరచే ఘట్టం ఒకటి ఉన్నది. చిన్నతనంలో చదువుకు తంటాలు పడి తరువాత లోకాన్ని మార్చినవారంటూ నికుంభ్ తరగతిలో ఐన్‌స్టీన్, లియొనార్డో డావించి, ఎడిసన్ ప్రభృతుల పేర్లు చెబుతాడు. వినటానికి బాగున్నది. కాని శాస్త్ర పాఠకుడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. డావించి కాలానికి డిస్లెక్సియా అనే భావనే లేదు. ఐన్‌స్టీన్‌కు అది ఉన్నదని ఏ వైద్యుడూ పరీక్షించి తేల్చలేదు. చిన్నతనంలోనే గణిత, విజ్ఞాన గ్రంథాలను ఆసక్తితో చదివినవాడాయన. మరణించినవారికి రోగనిర్ణయం చేయటం సులభమే గాని, నమ్మదగినది కాదు. తిట్లు తిని తిని చెట్లు ఎండిపోతాయని సాలమన్ దీవుల గురించి నికుంభ్ చెప్పే కథ కూడా ఈ కోవలోనిదే. నీతికథగా అందమైనది, వృక్షశాస్త్రంగా దానికి ఆధారం లేదు.

ఈ పొరపాట్ల కంటె గంభీరమైన విషయం మరొకటి ఉన్నది. ఈ జాబితా వెనుక ఒక వాదం దాగి ఉన్నది: ఈ పిల్లవానిని తీసిపారేయకండి, వీనిలో ఒక మేధావి దాగి ఉండవచ్చు. కథ కూడా దానినే రుజువు చేస్తుంది. ఈశాన్ అద్భుతమైన చిత్రకారుడు. చివరకు బడి అంతా లేచి చప్పట్లు కొట్టేది వాడు చదవటం నేర్చుకున్నందుకు కాదు, వాడు వేసిన బొమ్మకు.

మరి ఈశాన్‌కు బొమ్మలు రాకపోతే?

చదవటం రాదు, బొమ్మలు వేయటం రాదు, పాట రాదు, ఆటలో కూడా సామాన్యుడే. అట్టి పిల్లవాడు నికుంభ్ తరగతిలో ఉంటే ఏమయ్యేవాడు? చిత్రం ఈ ప్రశ్న వేయదు. వాస్తవంలో పఠన వైకల్యం గల పిల్లలు తక్కిన పిల్లల వంటివారే. కొందరికి ప్రతిభ ఉంటుంది, పెక్కుమంది సామాన్యులు. దాగిన ప్రతిభ కోసం వెదికే కౌన్సిలరు, అది కనబడని పిల్లవాని దగ్గర తెలియకుండానే చేతులు ముడుచుకుంటాడు. సహాయం అప్పుడు హక్కు కాదు, బహుమతి అవుతుంది.

ఈ ఆలోచన ఒక్క చిత్రంలోనే లేదు. ఈ శాస్త్రం పుట్టినప్పటి నుంచి ఉన్నది. చదువంతా నోటితోనే సాగితే పర్సీ బడిలోకెల్లా చురుకైన వాడవుతాడని వాని గురువు అన్నట్లు మోర్గన్ నమోదు చేశాడు. వాని తెలివియే వానికి సిఫారసు పత్రమైనది. 1963లో శామ్యూల్ కర్క్ షికాగోలో తల్లిదండ్రుల సభలో ‘అభ్యసన వైకల్యం’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన తరువాత, 1977లో అమెరికా ప్రభుత్వ నిబంధనలు ఆ భావాన్నే కొలతగా మార్చినవి. తెలివి పరీక్షలో వచ్చిన ఫలితానికీ చదువులో వచ్చిన ఫలితానికీ పెద్ద ఎడం ఉంటేనే వైకల్యం ఉన్నట్లు లెక్క. తెలివీ చదువూ రెండూ కొంచెం తక్కువగా ఉన్న పిల్లవానికి ఆ లెక్కలో చోటు లేదు.

ఈ కొలత నిలువలేదు. 2011లో తనాకా, హోఫ్ట్, వారి సహచరులు, చదవటంలో వెనుకబడిన పిల్లల మెదళ్లను, చదువుతున్న సమయంలో పరీక్షించారు. తెలివి పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలలోనూ, తక్కువ మార్కులు వచ్చిన పిల్లలలోనూ, మెదడు ఎడమ భాగంలోని ఒకే ప్రాంతాలలో ఒకే విధమైన మాంద్యం కనబడినది. అనగా అక్షరం దగ్గర ఆగిపోయిన పిల్లవాని కష్టం, వాడు తెలివిగలవాడైనా కాకపోయినా ఒక్కటే. ఆ ఎడాన్ని తప్పనిసరిగా చూపాలని రాష్ట్రాలు పట్టుపట్టరాదని అమెరికా 2004లోనే చట్టం సవరించుకున్నది. మన దేశంలో 2018 జనవరిలో ప్రకటించిన మార్గదర్శకాలు తెలివి పరీక్షలో 85 దాటిన పిల్లలకే తరువాతి పరీక్షలు జరపాలన్నవి. 70 కంటె తక్కువ వస్తే అది బుద్ధిమాంద్యపు లెక్కలోకి వస్తుంది. ఈ రెంటి నడుమ పడిన పిల్లవాడు ఎవరి పద్దులోకి రావాలి? ప్రతిభ గల ఈశాన్ కథ ఈ పిల్లవాని తరఫున ఒక్క మాట కూడా చెప్పలేదు.

ప్రతిభను గుర్తిస్తే పిల్లవానికి ఆత్మవిశ్వాసం వస్తుంది కదా అని ఒక ఆక్షేపణ రావచ్చు. నిజమే. బొమ్మలు వేయగలవాని చేత బొమ్మలు వేయించవలసినదే. అయితే అది చదువు నేర్పటానికి తోడు కావాలి గాని, నేర్పటానికి షరతు కారాదు.

చిత్రంలో లేని మనిషి

ఈశాన్ చదివిన రెండు బడులలోనూ కౌన్సిలరు అనే వ్యక్తి కనబడడు. ఆ పనులన్నీ నికుంభ్ ఒక్కడే చేస్తాడు. గుర్తించేది, తల్లిదండ్రులకు చెప్పేది, ప్రధానోపాధ్యాయుని ఒప్పించేది, మౌఖిక పరీక్ష అడిగేది, బోధించేది, ధైర్యం చెప్పేది అతడే. పైగా తానూ చిన్నతనంలో ఇదే కష్టం అనుభవించినవాడు. కథకు ఇది బలం. పాఠశాలకు మాత్రం బలహీనత. తాత్కాలికోపాధ్యాయుడు వెళ్లిపోయిన మరునాడు ఆ బడిలో మరొక ఈశాన్ చేరితే, వానిని గుర్తించటానికి ఏ ఏర్పాటూ మిగలలేదు.

పాఠశాలకు వెళ్లే వయస్సు పిల్లలలో నూటికి 5 నుంచి 15 మందికి ఏదో ఒక అభ్యసన వైకల్యం ఉంటుందని 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్య సంఘం గ్రంథం అంచనా వేసినది. 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరు మొదలు ఆరుగురు వరకు అన్నమాట. వీరందరికీ ఒక్కొక్క నికుంభ్ దొరకడు. దొరకవలసినది ఒక పద్ధతి. ఆ పద్ధతికి కాపలాదారు కౌన్సిలరు. రోగనిర్ణయం ఆయన పని కాదు. అది శిక్షణ పొందిన మనస్తత్వ శాస్త్రజ్ఞులది, వైద్యులది. పాఠం చెప్పటమూ ఆయన పని కాదు; అది ప్రత్యేకోపాధ్యాయునిది. ఉపాధ్యాయుడు గమనించిన దానిని వినటం, పరీక్షకు పంపటం, ఫలితాన్ని తల్లిదండ్రులకు అర్థమయ్యే మాటలలో చెప్పటం, పరీక్షలో రావలసిన అదనపు కాలమో లేఖకుని సహాయమో సమయానికి అందేటట్లు చూడటం, తోటిపిల్లల వెక్కిరింత నుంచి కాపాడటం ఆయన బాధ్యతలు.

వైఖరిని కొలవటం

ఈ పిల్లలకు సహాయపడటం పట్ల మీ అభిప్రాయమేమిటి అని కౌన్సిలర్లను అడిగితే ఏమి చెబుతారు? విదేశాలలో ఇట్టి పరిశీలనలు పెక్కు జరిగినవి. 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రవేశపెట్టిన పద్ధతిలో, ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలు ‘బొత్తిగా అంగీకరించను’ వరకు ఉన్న మెట్లలో ఒకదానిపై గుర్తు పెట్టించటం వాడుక. సహాయం అవసరమే అని గుర్తు పెట్టనివారు అరుదు. కాని కాగితం మీద పెట్టిన గుర్తు చేసే పనికి హామీ కాదు.

1934లో అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు లాపియర్ ప్రకటించిన ప్రయోగం దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం. ఆయన ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతటా తిరిగి 251 హోటళ్లు, భోజనశాలలు దర్శించాడు. చైనావారి పట్ల ద్వేషం ప్రబలిన ఆ రోజులలో కూడా ఒక్కచోటనే నిరాకరణ ఎదురైనది. కొన్ని నెలల తరువాత అవే సంస్థలకు, చైనావారికి చోటిస్తారా అని ఉత్తరాలు వ్రాశాడు. జవాబిచ్చిన 128 సంస్థలలో నూటికి 90కి పైగా ‘ఇవ్వము’ అన్నవి. అక్కడ మాట కఠినం, చేత మెత్తన. పాఠశాలలో దీనికి విపర్యయం జరిగే ప్రమాదమున్నది: మాట మెత్తన, చేత శూన్యం.

మెత్తని మాటకు మరొక వైపు కూడా ఉన్నది. 1975లో ఫాస్టర్, ఇసెల్డైక్, రీస్ అనే పరిశోధకులు, ప్రత్యేకోపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థులకు ఒక మామూలు బాలుని చిత్రం చూపించారు. కొందరికి వాడు మామూలువాడని, కొందరికి మానసికంగా చెదిరినవాడని చెప్పారు. బాలుడు ఒక్కడే, చిత్రం ఒక్కటే. అయినా రెండవ వర్గంవారికి వానిలో లోపాలు ఎక్కువగా కనబడినవి. పేరు పెట్టటం సహాయానికి తలుపు తెరుస్తుంది. అదే పేరు చూచేవారి కంటికి గంత కూడా కడుతుంది. పేరు పెట్టిన పిమ్మట పిల్లవాని నుంచి తక్కువ ఆశించే కౌన్సిలరు, దయగలవాడైనా, హాని చేసినవాడే.

కాబట్టి వైఖరిని కొలవవలసినది అభిప్రాయాలతో కాదు, పనులతో. ఈ సంవత్సరం ఎందరు పిల్లలను పరీక్షకు పంపారు? ఎన్ని వారాలలో ఫలితం వచ్చినది? ఎందరికి పరీక్షలో అదనపు కాలం అందినది? ఈ ప్రశ్నలకు జవాబు మెట్లలో ఉండదు, అంకెలలో ఉంటుంది.

ఇక్కడ కౌన్సిలర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పటం న్యాయం. ఒక కౌన్సిలరుకు 250 మంది విద్యార్థులకు మించరాదని అమెరికా పాఠశాల కౌన్సిలర్ల సంఘం సిఫారసు. వేల మంది విద్యార్థులకు ఒకరిని నియమించి, ఆయనకు ప్రవేశాల పని, హాజరు పని కూడా అప్పగించి, వైఖరి సరిగా లేదని నిందించటం తగదు. తెలియని పని పట్ల ఎవరికైనా జంకు ఉంటుంది. శిక్షణ, అనుభవం పెరిగినకొద్దీ ఈ పిల్లలకు సహాయపడగలమన్న ధైర్యం కౌన్సిలర్లలో పెరుగుతుందని విదేశీ పరిశీలనలు సూచిస్తున్నవి. మంచి వైఖరి ఉపదేశం వల్ల కంటె శిక్షణ వల్ల, తీరుబడి వల్ల ఎక్కువగా వస్తుంది.

చట్టం చెప్పేది

చిత్రం వచ్చిన నాటికీ నేటికీ దేశంలో ఒక ముఖ్యమైన మార్పు జరిగినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో ఒకటిగా నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చినది. విద్యాసంస్థలు అట్టి వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, బోధనలో తగిన చర్యలు తీసుకోవాలని దాని 16వ సెక్షను చెబుతున్నది. అదనపు కాలం, లేఖకుని సహాయం, రెండవ మూడవ భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షనులో ఉన్నవి. ఇటువంటి పిల్లలకు ఎందరికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులు ఉండాలో నిర్ణయించాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి సంబంధించి, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2025 జూలైలో అదే న్యాయస్థానం, 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సిలరు ఒకరైనా ఉండాలని ఆదేశించినది.

చట్టంలో ప్రతిభ ప్రసక్తి ఎక్కడా లేదు. బొమ్మలు బాగా వేసేవారికి అదనపు కాలం ఇవ్వాలని వ్రాయలేదు; అవసరమున్నవారికి ఇవ్వాలని వ్రాశారు. ఈ విషయంలో కవితాత్మకమైన చిత్రం కంటె, రసహీనమని అందరూ అనుకునే చట్టమే ఎక్కువ ఉదారంగా ఉన్నది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

‘తారే జమీన్ పర్’ చూడవద్దని ఎవరూ అనరు. పాఠశాలలలో చూపించదగిన చిత్రమే. అయితే చూపించిన తరువాత తరగతిలో కొన్ని ప్రశ్నలు వేయాలి. ఈశాన్ కష్టం కంటిలో ఉన్నదా, ధ్వనిలో ఉన్నదా? నికుంభ్ రాకపోతే ఆ బడిలో ఈ పని ఎవరు చేయాలి? పోటీలో ఈశాన్‌కు బహుమతి రాకపోతే వానికి జరిగిన సహాయం వ్యర్థమా? ఈ మూడవ ప్రశ్నకు విద్యార్థులు చెప్పే జవాబును శ్రద్ధగా వినవలసి ఉన్నది. వారిలో ఏ బహుమతీ రానివారు, చదవటానికి లోలోపల అవస్థ పడుతున్నవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

చిత్రం పేరుకు అర్థం నేలమీది తారలని. ప్రతి పిల్లవాడూ తార కానక్కరలేదు. అక్షరం నేర్చుకోవటానికి తార కావలసిన అవసరం అసలే లేదు. బడిలో పేరు నమోదైతే చాలు.